మైనస్ 20 అంటే భయపడాలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బాబు ఆగస్టులో ఎంఎస్ చదవడానికి అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని షాంపేన్ వెళ్లాడు. దిగిన కొత్తలో ఫోన్ చేసి "అమ్మా, ఇక్కడ కూడా ఉక్కపోతే" అంటే నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు ఫోన్‌లో ఆ ఊరి వాతావరణం చూస్తే ఒకరోజు 10 డిగ్రీలు, రెండు రోజులకే మైనస్ 15. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అంత చలిలో మనుషులు ఎట్లా తిరుగుతారు?
(ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: తిరుగుతారమ్మా, సరైన బట్టలుంటే బాగానే తిరుగుతారు. మీరు ఫోన్‌లో చూసింది నిజమే, రెండు రోజుల్లో అంత తేడా రావడం కూడా అక్కడ మామూలే. మనకు ఉత్తరాన హిమాలయాలు అడ్డంగా ఉన్నాయి కాబట్టి సైబీరియా చలి మన దాకా రాదు, ఆదిలాబాద్ వైపు ఐదారు డిగ్రీలకు పడిపోతేనే మనం పేపర్లో వార్త రాసుకుంటాం. అమెరికాలో పెద్ద పర్వతాలన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా ఉన్నాయి. కెనడా నుంచి దక్షిణాన ఉన్న గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రం దాకా అడ్డం పడే కొండ ఒక్కటీ లేదు. అందుకే ఇవాళ దక్షిణం నుంచి ఆ సముద్రపు తేమగాలి వస్తే స్వెట్టర్ విప్పేస్తారు, ఎల్లుండి ఉత్తర ధ్రువం వైపు నుంచి ఆర్కిటిక్ గాలి దిగితే బకెట్లో నీళ్లు గడ్డకడతాయి.

షాంపేన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి) షికాగోకు దక్షిణంగా రెండు గంటలకు పైగా కారు ప్రయాణం. నేలంతా చదును, గాలికి అడ్డే ఉండదు. జనవరిలో సగటున పగలు సున్నాకు కాస్త అటూ ఇటూ, రాత్రి మైనస్ 8 దగ్గర ఉంటుంది. మైనస్ 20కి పడిపోయే రోజులు ఉంటాయి కానీ చలికాలమంతా అట్లాగే ఉండదు. 1994 జనవరిలో అక్కడ మైనస్ 32 నమోదైంది. 2019 జనవరి 31న అదే రాష్ట్రం వాయవ్య మూలనున్న మౌంట్ కారోల్‌లో మైనస్ 39 దాకా పోయింది, ఇల్లినాయ్ చరిత్రలో అంతకంటే తక్కువ లేదు.

నా లెక్కలో మీరు చూడాల్సింది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, గాలి. మైనస్ 18 ఉన్న రోజు గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28 లాగా తగులుతుంది, బయట పెట్టిన చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. వేళ్లు, ముక్కు, చెవులు ముందు దెబ్బతింటాయి. కాబట్టి బాబుకు ఫోన్ చేసినప్పుడు "తిన్నావా" తర్వాత "టోపీ, గ్లవ్స్ పెట్టుకున్నావా" అని తప్పకుండా అడగండి. ఒకే మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. ఒంటికి తగిలే పొర కాటన్‌ది వద్దు, చెమటకు తడిస్తే ఆరదు, ఆ తడే చలి పుట్టిస్తుంది. కోటు, బూట్లు ఇక్కడ కొని పార్శిల్ చేయకండి, అక్కడి చలికి తగ్గవి అక్కడే దొరుకుతాయి. మంచు పడ్డప్పటి కంటే అది కరిగి మళ్లీ గడ్డకట్టినప్పుడే జారిపడతారు, రోడ్డు మీద ఆ పలచటి గాజులాంటి మంచు పొర కంటికి కనిపించదు. ఇళ్లల్లో, క్లాసుల్లో హీటర్లు ఉంటాయి, లోపల చలి ఉండదు. గాలి మాత్రం బాగా పొడిగా ఉంటుంది, పెదాలు, చేతులు పగులుతాయి, కొబ్బరినూనె అక్కడా పనికొస్తుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. కొత్తగా వెళ్లిన పిల్లలు చలి కంటే ఆ చీకటికే దిగులు పడతారు. మాట్లాడినప్పుడు గొంతు డల్‌గా అనిపిస్తే మధ్యాహ్నం పూట ఎండలో కాసేపు నడవమనండి, పదిమందితో కలిసి వండుకుని తినమనండి.

ప్రశ్న: మా బిడ్డ కూడా అమెరికాలో ఇల్లినాయ్ వైపే ఉంటది. ఎటు చూసినా మక్కజొన్నే అని ఫొటోలు పంపింది. నేను పరకాల దగ్గర మక్కలు, పత్తి వేస్తా. వాళ్లకు మనలాగా వానాకాలం ఉంటదా?
(ఒక రైతు, పరకాల)

జవాబు: అన్నా, మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఏడాది మొత్తం మీద పడే వాన రెండు చోట్లా ఇంచుమించు ఒకటే, ఓ వెయ్యి మిల్లీమీటర్లు. తేడా అంతా పంచుకోవడంలోనే ఉంది. మనకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే చాలా వరకు పడిపోతుంది, పడితే 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649 మిల్లీమీటర్లు పడ్డట్టు పడుతుంది. వాళ్లకు నెల నెలా ఎంతో కొంత వానో మంచో పడుతూనే ఉంటుంది, మే, జూన్‌లలో కాస్త ఎక్కువ. అందుకే చాలా చేన్లకు బోరూ లేదు, మోటారూ లేదు. మన్ను నల్లగా, లోతుగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది.

మృగశిర కోసం ఎదురుచూసినట్టు వాళ్లు నేల వేడెక్కడం కోసం ఎదురుచూస్తారు. ఏప్రిల్ మధ్య నుంచి మే దాకా మక్కలు పెడతారు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోస్తారు. యాసంగి మక్క మాటే లేదు, నేలే గడ్డకట్టి ఉంటుంది. 2012లో వాన ముఖం చాటేసినప్పుడు ఆ ప్రాంతమంతా మక్క దెబ్బతిన్నది, కరువు అక్కడి రైతుకూ తెలుసు. జులైలో చేను ఏపుగా ఉన్నప్పుడు ఆకుల నుంచి వచ్చే తేమకే ఊళ్లో ఉక్కపోత పెరుగుతుంది. షాంపేన్, పక్కనే ఉన్న అర్బానా ఊళ్లలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో 1876 నుంచి మక్కజొన్న పండిస్తున్న ప్రయోగ క్షేత్రం ఉంది, దాని మీద నీడ పడకూడదని పక్కనే ఒక లైబ్రరీని భూమి లోపల కట్టారు. పంటకు అంత మర్యాద ఇచ్చారని చదివినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. మీరు బిడ్డ దగ్గరికి వెళ్తే తప్పకుండా చూసి రండి.

ప్రశ్న: మా కూతురికి షాంపేన్ కౌంటీలోనే ఉద్యోగం. మేమిద్దరం రిటైర్డ్ టీచర్లం. టోర్నడోలంటే (అక్కడి భారీ సుడిగాలులు) భయం. ఏ నెలలో వెళ్లాలి?
(కరీంనగర్ నుంచి)

జవాబు: సార్, భయం సహజమే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలికి వేల చెట్లు కూలాయి కదా, అట్లాంటి గాలి ఎంత పని చేస్తుందో మనకు తెలుసు. అక్కడ టోర్నడోలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎక్కువ, కానీ ఆ నెలలకే పరిమితం కావు. ఆ కౌంటీలోనే గిఫర్డ్ అనే చిన్న ఊరిని 2013 నవంబర్ 17న టోర్నడో తీవ్రంగా దెబ్బతీసింది. ఫోన్‌లో "వాచ్" వస్తే టోర్నడో రావచ్చని అర్థం, జాగ్రత్తగా ఉండండి. "వార్నింగ్" వస్తే మాత్రం మరో ఆలోచన లేకుండా బేస్‌మెంట్‌లోకి, అది లేకపోతే కింది అంతస్తులో కిటికీల్లేని గదిలోకి వెళ్లండి. బయటికొచ్చి ఆకాశం వైపు చూడొద్దు. నెలలో మొదటి మంగళవారం ఉదయం 10 గంటలకు సైరన్లను పరీక్షిస్తారు, అది విని కంగారు పడకండి.

నన్నడిగితే సెప్టెంబర్ మొదటి వారంలో వెళ్లండి. ఎండ తగ్గుముఖం పడుతుంది, అక్టోబర్‌లో చెట్లన్నీ ఎరుపు, పసుపు రంగుల్లోకి మారతాయి, బతుకమ్మ రోజుల్లో కూతురి దగ్గరే ఉంటారు. అక్టోబర్ మధ్య నుంచి రాత్రిళ్లు సున్నాకు దిగడం మొదలవుతుంది, మోకాళ్ల నొప్పులుంటే ఆ నెలాఖరులోపే తిరుగు టికెట్ తీసుకోండి.