బ్లాక్‌చెయిన్ ఎక్స్‌ప్లోరర్ కొత్తవాళ్ళు వాడొచ్చా? డబ్బుకి ఏమైనా అవుతుందా?

నిరభ్యంతరంగా వాడొచ్చు. క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే బహిరంగ ఖాతాపుస్తకం బ్లాక్‌చెయిన్ అయితే, దాన్ని తెరిచి చూపించే వెబ్‌సైట్ ఎక్స్‌ప్లోరర్. అక్కడ మనం చేసేది చూడటం ఒక్కటే. లాగిన్ అక్కర్లేదు, మన క్రిప్టో వాడుకునే వాలెట్ యాప్ కనెక్ట్ చేయక్కర్లేదు. స్థలం కొనేముందు ఈసీ తీయించి ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో చూసుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఈసీలో పేర్లుంటాయి, ఇక్కడ చాలావరకు పేర్ల బదులు పొడుగాటి అడ్రస్‌లే, ఖాతా నంబర్ల లాంటివి, ఉంటాయి.

నేను దీని జోలికి వెళ్ళింది సరదాకి కాదు, టెన్షన్‌తో. క్రిప్టో కొని అమ్ముకునే ఒక ఎక్స్ఛేంజ్ నుంచి నా వాలెట్‌కి 20 యూఎస్‌డీటీ (ఒక్కోటి సుమారు ఒక డాలర్ విలువుండే కాయిన్) పంపుకున్నాను. మూడు నాలుగు నెట్‌వర్క్‌లు, అంటే వేర్వేరు బ్లాక్‌చెయిన్‌లు, చూపిస్తే ఫీజు తక్కువ ఉన్నదాని మీద నొక్కాను. ఏది నొక్కానో ఐదు నిమిషాల్లో మర్చిపోయాను కూడా. ఎక్స్ఛేంజ్‌లో ‘కంప్లీటెడ్’ అని వచ్చింది, వాలెట్‌లో చూస్తే సున్నా. రాత్రి పదకొండు దాటింది. ఈథరియం నెట్‌వర్క్ ఎక్స్‌ప్లోరర్ ఈథర్‌స్కాన్ పేరు ఎక్కడో విని ఉన్నాను, అది తెరిచి నా అడ్రస్ పేస్ట్ చేశాను. ఒక్క లావాదేవీ కూడా లేదు. రెండు వేల రూపాయల దాకా గంగలో కలిసినట్టే అనుకున్నాను.

మా మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు అడిగింది ఒకటే: “ఏ నెట్‌వర్క్ మీద పంపావు మామయ్యా?” వెనక్కి వెళ్ళి చూస్తే బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్. దానికి వేరే ఎక్స్‌ప్లోరర్ ఉంది, బీఎస్‌సీ స్కాన్. అడ్రస్ రెండు చోట్లా ఒకటే కావడంతో నేను బోల్తా పడ్డాను. ఒకే ఫోన్ నంబరు మీద రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే, ఒక పాస్‌బుక్‌లో రెండో బ్యాంకు డబ్బు కనిపిస్తుందా? అంతే. ఎక్స్ఛేంజ్‌లో విత్‌డ్రాయల్ వివరాల కింద ట్రాన్సాక్షన్ హ్యాష్ ఉంది, అంటే ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య, 64 అంకెలూ అక్షరాలూ కలిసిన తోక. అది కాపీ చేసి బీఎస్‌సీ స్కాన్‌లో వేస్తే పచ్చరంగులో ‘సక్సెస్’. వాలెట్‌లో నెట్‌వర్క్ మార్చగానే డబ్బు కనిపించింది.

ఆ పేజీలో నన్ను మళ్ళీ కంగారుపెట్టింది టైమ్. నేను పంపింది రాత్రి 11:10కి, అక్కడ ఉన్నది సాయంత్రం 5:40. అది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక. మొదట్లో చూడాల్సినవి స్టేటస్, ఫ్రమ్, టు, మొత్తం, ఫీజు. మిగతావన్నీ వదిలేయండి, నేను ఇప్పటికీ సగం చూడను.

పైసా పెట్టకుండా నేర్చుకోవాలంటే బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ ఒకటి తెరవండి, మెంపూల్ స్పేస్ నాకు నచ్చింది. సుమారు పది నిమిషాలకో కొత్త బ్లాక్, అంటే లావాదేవీల కట్ట, వచ్చి చేరడం కళ్ళముందే కనిపిస్తుంది. సెర్చ్‌లో 0 కొడితే 2009 జనవరి 3 నాటి మొట్టమొదటి బ్లాక్ వస్తుంది. అందులోని 50 బిట్‌కాయిన్లు ఎవరూ ఖర్చు పెట్టలేరు, అయినా ఆ అడ్రస్‌కి జనం ఇప్పటికీ చిల్లర పంపుతూనే ఉంటారు, హుండీలో వేసినట్టు. 2010 మే 22న రెండు పిజ్జాల కోసం ఇచ్చిన 10,000 బిట్‌కాయిన్ల లావాదేవీ కూడా వెతికి చూడండి. చెయిన్‌లో ఉన్నది ఆ అంకె, రెండు వైపుల అడ్రస్‌లు. పిజ్జా సంగతి మనుషులు చెప్పుకుంటేనే తెలిసింది.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. బిట్‌కాయిన్‌లో ఎవరో కొంచెం పంపితే, పక్కనే ఇంకో అడ్రస్‌కి పెద్ద మొత్తం వెళ్ళినట్టు ఉంటుంది. చాలాసార్లు అది పంపినవాడికే తిరిగొచ్చిన చిల్లర. ఐదొందల నోటిచ్చి అరవై రూపాయల టికెట్ తీసుకున్నట్టు. బస్సులో కండక్టర్ చిల్లర టికెట్ వెనక రాసిస్తాడు, ఇక్కడ అప్పటికప్పుడే ఇచ్చేస్తారు. ఇది తెలియక నేను ఎవరో కోటీశ్వరుణ్ణి పట్టుకున్నాననుకుని గంటసేపు వెంటాడాను.

ఇక జాగ్రత్తలు. గూగుల్‌లో పైన కనిపించే యాడ్స్ మీద నొక్కకండి, ఇలాంటి పేర్లతోనే దొంగ సైట్లుంటాయి. సైట్ అడ్రస్ ఒకసారి సరిచూసుకుని బుక్‌మార్క్ పెట్టుకోండి. ఎక్స్‌ప్లోరర్ అని చెప్పి మీ వాలెట్‌ని తెరిచే 12 రహస్య మాటలు అడిగితే అది ఎక్స్‌ప్లోరరే కాదు. లావాదేవీల జాబితాలోంచి పాత అడ్రస్ కాపీ చేసి డబ్బు పంపే అలవాటు కూడా వద్దు. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు మీ వాళ్ళ అడ్రస్‌లా ఉండేట్టు మోసగాళ్ళు ఒక అడ్రస్ తయారుచేసి, సున్నా మొత్తంతో లావాదేవీలు పంపి ఆ జాబితాలో దూరతారు.

నాకైతే వారం తిరక్కుండా ఎప్పుడూ వినని టోకెన్లు (ఎవరో తయారుచేసిన క్రిప్టో కాయిన్లు) వేలకొద్దీ వచ్చిపడ్డాయి. టోకెన్ పేరులోనే ఒక వెబ్‌సైట్, అక్కడికొచ్చి క్లెయిమ్ చేసుకోమని. అడక్కుండా ఎవరిస్తారండీ? అవి నా అడ్రస్‌లో ఇప్పటికీ అలాగే పడున్నాయి, నేను ముట్టుకోలేదు.