స్కోరు కోసం అప్పు చేశాను, ఉన్న స్కోరూ పోయింది

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, జీతం 28 వేలు. రెండేళ్లలో ఒక చిన్న ఫ్లాట్ కొనాలని ఆశ. ఎక్కడా అప్పు చేయలేదు కాబట్టి అప్పులు ఎంత సక్రమంగా కడతామో చెప్పే సిబిల్ స్కోరే నాకు లేదు. స్కోరు లేకపోతే హోమ్ లోన్ రాదని, యాప్‌లలో చిన్న చిన్న లోన్లు తీసుకుని కట్టేస్తే స్కోరు తయారవుతుందని రూమ్మేట్ చెప్పాడు. మొదటి యాప్‌లో 20 వేలు తీసుకుంటే చేతికి 17,640 వచ్చాయి. నెలకు 7,200 చొప్పున మూడు నెలలు కట్టాను. తర్వాత మరో మూడు యాప్‌లలో తీసుకున్నాను. ఒక నెల జీతం ఆలస్యమై రెండు ఈఎంఐలు బౌన్స్ అయ్యాయి. ఒకటి వారంలోనే కట్టేశాను. రెండోదానికి పెనాల్టీ, దాని మీద మళ్లీ వడ్డీ వేశారు. ఇంత కట్టనని ఆపేశాను. ఏజెంట్ ఊళ్లో ఉన్న మా బావగారికి ఫోన్ చేసి పరువు తీస్తున్నాడు. సగం కడితే సెటిల్ చేస్తారట, లేకపోతే అరెస్టేనట. 710 దాకా వచ్చిన స్కోరు 640కి పడింది. అసలు ఇంత వడ్డీ చట్టబద్ధమేనా? కేసు వేయవచ్చా? సెటిల్ చేసుకోమంటారా?

జవాబు: మీ రూమ్మేట్ చెప్పినదాంట్లో సగం నిజమే. అప్పు తీసుకుని గడువుకు కడితే స్కోరు వస్తుంది. కానీ ఎక్కువ వడ్డీ కట్టారని ఎక్కువ మార్కులు వేయరు. బ్యాంకులో తక్కువ వడ్డీకి తీసుకున్న లోన్ గడువుకు కట్టినా, యాప్‌లో నాలుగింతలు కట్టినా క్రెడిట్ రిపోర్టులో ఆ నెల గడిలో పడేది ఒకటే: ఆలస్యం సున్నా రోజులు. మీరు ధారపోసిన వడ్డీ స్కోరుకు ఏమీ కలపలేదు.

మొదటి లోన్‌నే లెక్కగడదాం. ప్రాసెసింగ్ ఫీజు 2,000, దాని మీద జీఎస్టీ 360 ముందే కోసుకున్నారు. మీ చేతికి వచ్చింది 17,640, మీరు కట్టింది 21,600. యాప్ వాళ్లు దీన్ని నెలకు 2.67 శాతం అని చూపించి ఉంటారు. వినడానికి రెండున్నర రూపాయల వడ్డీలాగే ఉంది. అయితే మొదటి నెలలోనే 7,200 వెనక్కి ఇచ్చేశారు కదా! మీ దగ్గర నిజంగా ఉన్న డబ్బుకు లెక్కేస్తే నెలకు పదకొండు రూపాయల వడ్డీకి దగ్గర, ఏడాదికి సుమారు 130 శాతం. మన ఊళ్లలో ఎంత పేరుమోసిన వడ్డీ వ్యాపారి అయినా పదకొండు రూపాయల వడ్డీ అని నోరు తెరిచి అడగడానికి కాస్త మొహమాటపడతాడు. ఫోన్‌కు ఆ మొహమాటం లేదు.

ఇంకో సంగతి చెబితే మీకు బాధ కలుగుతుంది, అయినా చెప్పాలి. స్కోరు లేకపోవడం తప్పు కాదు. మొదటిసారి అప్పు అడిగేవారికి పాత అప్పుల చరిత్ర లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించవద్దని రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్‌లో బ్యాంకులకు సూచించింది. ఆర్థిక శాఖ అదే ఏడాది ఆగస్టులో లోక్‌సభలో కూడా ఈ మాట చెప్పింది. జీతం, ఉద్యోగం, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు ఇష్టమే. కానీ కొద్ది నెలల్లో నాలుగు యాప్ లోన్లు, మధ్యలో ఒక బాకీ ఉన్న ఫైలు కన్నా, ఏ అప్పూ లేని ఫైలునే ఏ మేనేజరైనా ముందు తీస్తాడని నా అభిప్రాయం.

ఇక వడ్డీ మీద కేసు. ఇక్కడ మీకు తీపి కబురు చెప్పలేను. బ్యాంకు వేసే వడ్డీ ఎక్కువైందన్న కారణంతో కోర్టులు దాన్ని తిరగదోడకూడదని బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం సెక్షన్ 21ఏ చెబుతోంది. యాప్‌ల వెనక ఉండేవి ఎక్కువగా ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు. వాటి వ్యక్తిగత రుణాలకు రిజర్వ్ బ్యాంక్ ఇంత శాతం దాటకూడదని గీత గీయలేదు. పోనీ రాష్ట్రాల వడ్డీ వ్యాపారుల చట్టం పట్టుకుందామంటే, రిజర్వ్ బ్యాంక్ దగ్గర నమోదైన ఎన్‌బీఎఫ్‌సీలకు అది వర్తించదని సుప్రీంకోర్టు 2022 మే 10న నెడుంపిల్లి ఫైనాన్స్ కేసులో తేల్చింది. అలాగని వాళ్లు ఆడింది ఆట కాదు. వడ్డీలు మితిమీరాయని 2024 అక్టోబరులో రిజర్వ్ బ్యాంక్ నాలుగు ఎన్‌బీఎఫ్‌సీలను కొత్త లోన్లు ఇవ్వకుండా కొన్నాళ్లు ఆపింది. కానీ అది రిజర్వ్ బ్యాంక్ చేతిలో ఉన్న కర్ర. మీ పిటిషన్‌తో 130 శాతం 20 శాతానికి దిగుతుందని ఏ లాయరైనా హామీ ఇస్తే ఫీజు ఇచ్చే ముందు ఆలోచించుకోండి.

మీకు పట్టు దొరికేది వడ్డీలో కాదు, కాగితంలో. లోన్ ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలి. ఫీజులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో, అంటే ఏపీఆర్, అందులో ఉండాలి. అందులో రాయని ఛార్జీని మీ స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. పెనాల్టీ సంగతి మరీ స్పష్టం. ఆలస్యానికి అదనపు వడ్డీ వేయకూడదు, విడిగా ఒక పెనాల్టీ ఛార్జీ మాత్రమే వేయవచ్చు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. 2023 ఆగస్టు 18న వచ్చిన ఈ రిజర్వ్ బ్యాంక్ ఆదేశం 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త లోన్లకు అమల్లో ఉంది. మీరు రాసినట్టే పెనాల్టీ మీద వడ్డీ వేసి ఉంటే అది తప్పు. స్టేట్‌మెంట్ తెప్పించుకుని, ఆ అంకెల కింద గీత గీసి, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి తగువులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు, ఆ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. సందేహాలుంటే రిజర్వ్ బ్యాంక్ హెల్ప్‌లైన్ 14448కి ఫోన్ చేయండి.

అయితే ఈ తగువు నడుస్తున్నంతకాలం మామూలు ఈఎంఐ కట్టడం ఆపకండి. మీరు చేసిన పొరపాటు ఇదే. న్యాయమైన బాకీ కట్టేసి, అన్యాయమైన పెనాల్టీ మీద పోట్లాడాలి. రెండూ కలిపి ఆపేస్తే రిపోర్టులో ఆలస్యమైన రోజులు 30, 60, 90 అని పెరుగుతూ పోతాయి. న్యాయం మీ వైపున్నా ఆ గడులకు ఆ సంగతి తెలియదు.

సెటిల్‌మెంట్ వద్దు. సగం కడితే వదిలేస్తామన్న మాట ఆ రోజుకు హాయిగానే ఉంటుంది. కానీ రిపోర్టులో ఆ లోన్ ఎదుట క్లోజ్డ్ అని కాకుండా సెటిల్డ్ అని పడుతుంది. ఒప్పుకున్నదాంట్లో కొంత ఎగ్గొట్టాడని దానర్థం, హోమ్ లోన్ ఇచ్చే బ్యాంకు కంట ముందు పడేది అదే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పాత గొడవ గురించే అడిగినట్టు ఉంటుంది. మీ బాకీ కొన్ని వేలే కాబట్టి పూర్తిగా కట్టండి. ఏజెంట్ యూపీఐకి కాదు, కంపెనీ ఖాతాకే. ఇక బాకీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికి వచ్చాకే మిగతా పని. ఉద్యోగం పోయి, కట్టే దారే లేనివారి సంగతి వేరు. వాళ్లకు సెటిల్‌మెంటే మేలు కావచ్చు.

తర్వాత మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగింటిలోనూ రిపోర్టు తీసి చూడండి. ఏడాదికి ఒకసారి ఒక్కో సంస్థ ఉచితంగా ఇవ్వాలి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగు యాప్‌లంటున్నారు, ఒక్కోదాని వెనక ఏ కంపెనీ ఉందో మీకే తెలియకపోవచ్చు, కట్టేసిన లోన్ ఇంకా బాకీగా కనపడవచ్చు. తప్పుంటే సరిచేయమని ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి ఉంది. చాలామంది దీన్ని అడగనే అడగరు.

స్కోరు మళ్లీ పెంచుకోవడానికి కొత్త యాప్ జోలికి పోవద్దు. బ్యాంకులో పదిహేను, ఇరవై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోండి. లిమిట్‌లో మూడో వంతు లోపే వాడి, బిల్లు వచ్చినప్పుడు మినిమమ్ డ్యూ కాదు, మొత్తం కట్టేయండి. అప్పుడు వడ్డీ పైసా పడదు, పైగా డిపాజిట్ మీద మీకే వడ్డీ వస్తుంది. మొత్తం కట్టకపోతే మాత్రం కార్డు వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం, మళ్లీ మొదటికొస్తారు. ఆటో డెబిట్ తేదీ జీతం పడే రోజు తర్వాత ఉండేలా చూసుకోండి. మీ కొంప ముంచింది ఆ నాలుగు రోజుల తేడానే కదా.

మీ బావగారికి వెళ్లిన ఫోన్ల విషయం. బంధువులను, స్నేహితులను వేధించడం, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయడం రెండూ రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో నిషేధించినవే. లోన్ యాప్ మీ ఫోన్‌లోని కాంటాక్ట్‌లను తాకనే కూడదు. కాల్ రికార్డింగ్‌లు, స్క్రీన్‌షాట్లు దాచండి, బావగారిని కూడా దాచమనండి. బెదిరింపులకు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 351 ఉంది, స్థానిక స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆ యాప్ వెనక రిజర్వ్ బ్యాంక్ దగ్గర నమోదైన కంపెనీయే లేకపోతే ఇంకేం ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. 2020 చివర్లో ఇలాంటి వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. అందుకే టెన్షన్ లోపలే పెట్టుకోకుండా ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

చివరిగా అరెస్టు. ఈఎంఐ కట్టలేదని పోలీసులు వచ్చి పట్టుకుపోరు, ఏజెంట్‌కు ఆ అధికారం అసలే లేదు. కానీ యూట్యూబ్‌లో కొందరు చెబుతున్నట్టు ఏమీ కాదని నిశ్చింతగా ఉండటమూ తప్పే. డబ్బు లేక ఆటో డెబిట్ బౌన్స్ అయితే పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 2007, సెక్షన్ 25 కింద చెక్ బౌన్స్ లాంటి కేసే వేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు, లేదా రెట్టింపు మొత్తం వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. అయితే కేసు వేసే ముందు, బౌన్స్ సంగతి తెలిసిన 30 రోజుల్లో వాళ్లు మీకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది మీకు అందిన 15 రోజుల్లో ఆ మొత్తం కట్టేస్తే కేసు నిలవదు. కాబట్టి వాట్సాప్‌లో వచ్చే నకిలీ వారెంట్లకు భయపడకండి. రిజిస్టర్ పోస్టులో కవరు వస్తే మాత్రం తిప్పి పంపకుండా తీసుకోండి, అందిన తేదీ కవరు మీదే రాసి, ఆ వారంలోనే దగ్గర్లోని ఒక లాయర్‌కు చూపించండి.