దొరకనప్పుడు ఏమొస్తుందో రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన జావాస్క్రిప్ట్ పాఠం చదివాను. అర్రేలో, అంటే వరుసగా పెట్టిన విలువల జాబితాలో, వెతికే ఫంక్షన్లన్నీ ఒక పట్టికలో పెట్టి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాశావు. తప్పుల్లేవు. కానీ బెంగళూరు మారతహళ్లి పీజీలో కూర్చుని రేపటి ఇంటర్వ్యూకి చదువుకునే అనంతపురం కుర్రాడికి ఆ పట్టిక చాలదు. ఏది ఎప్పుడు వాడాలో తేల్చుకోవడం వాడికి రావాలి.

అందుకని ప్రశ్నతో మొదలుపెట్టు. ఉందా, లేదా? ఇన్‌క్లూడ్స్. ఎక్కడుంది? ఇండెక్స్‌ఆఫ్. షరతుకు సరిపోయే మొదటిది కావాలా? ఫైండ్. అలాంటివన్నీ కావాలా? ఫిల్టర్. ఇంతవరకు నాలుగు వాక్యాలు చాలు.

వివరంగా రాయాల్సింది, దొరకనప్పుడు ఏమొస్తుందన్నది. మన మెట్రో పర్పుల్ లైన్‌నే తీసుకో. స్టేషన్ల అర్రేలో మొదటిది వైట్‌ఫీల్డ్, చివరిది చల్లఘట్ట అనుకుందాం. ఇండెక్స్‌ఆఫ్‌తో వైట్‌ఫీల్డ్‌ను వెతికితే 0 వస్తుంది, స్థానాల లెక్క 0 నుంచే మొదలవుతుంది కాబట్టి. దాన్ని నేరుగా ఇఫ్‌లో, అంటే నిజమా అబద్ధమా అని చూసే షరతులో, పెడితే 0 అబద్ధం కింద లెక్క, ఉన్న స్టేషన్ లేదంటుంది. అమీర్‌పేటను వెతికితే -1 వస్తుంది. అది నిజం కింద లెక్క, హైదరాబాద్ స్టేషన్ బెంగళూరులో ఉందంటుంది! ఎర్రర్ ఏదీ రాదు. చల్లఘట్టతో పరీక్షించినవాడికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే ఈ తప్పు చాలాకాలం దాగి ఉంటుంది. 2016లో భాషలో చేరిన ఇన్‌క్లూడ్స్ సూటిగా ట్రూ, ఫాల్స్ చెబుతుంది. ఉందా లేదా అన్నదానికి అదే వాడమని గట్టిగా రాయి, మొహమాటపడకు.

ఫిల్టర్‌కు ఏమీ దొరక్కపోతే ఖాళీ అర్రే ఇస్తుంది. ఇఫ్ దృష్టిలో అదీ నిజమే, కాబట్టి లెంగ్త్, అంటే అందులో ఎన్ని ఉన్నాయో, చూడాలి. ఒక్కటే కావలసినప్పుడు ఫిల్టర్ చేసి మొదటిది తీసుకునే అలవాటు చాలామందికి ఉంది, మాన్పించు. ఫైండ్ దొరకగానే ఆగుతుంది, ఫిల్టర్ చివరిదాకా నడుస్తుంది.

ఆబ్జెక్టుల సంగతి, అంటే పేరు, ఐడీ లాంటి వివరాలను ఒకచోట పెట్టిన విలువల సంగతి, నువ్వు వదిలేశావు. అవే వివరాలతో కొత్త ఆబ్జెక్టు రాసి ఇన్‌క్లూడ్స్‌కి ఇస్తే ఫాల్స్ వస్తుంది. అది వివరాలను పోల్చదు, అదే ఆబ్జెక్టా కాదా అని చూస్తుంది. సర్వర్ నుంచి వచ్చిన డేటాతో పనిచేసే పిల్లలు చిక్కుకునేది ఇక్కడే. ఐడీని పోల్చే షరతుతో ఫైండ్ వాడి చూపించు.

పైథాన్ భాషతో పోలిక మాత్రం ఈ పాఠంలోంచి తీసెయ్. అక్కడ ఇండెక్స్ ఫంక్షన్‌కు దొరక్కపోతే వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ వస్తుంది, ఇక్కడ -1. కొత్తవాళ్లు రెండూ కలిపేసుకుంటారు. ప్రతి ఉదాహరణనూ నడిపి, వచ్చిన జవాబుతో సహా మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య