రమణయ్య పతనం నమ్మేట్టు రావాలంటే
అన్నా, కోట దగ్గర రొయ్యల గుంటలు చేసే మీ రమణయ్య అంత ధైర్యవంతుడు, చివర్లో ఒక్కసారిగా చితికిపోతే చదివినోళ్లు నమ్మటంల్యా అన్నారు కదా, కథ నాకు బాగా నచ్చింది, కాకపోతే ఆయన దేనికి భయపడతాడో యాడా కనపడలా. అప్పులపాలైన వాళ్ల నాయన్ని చూసి ఊరంతా నవ్వారని రెండో చాప్టర్లో మీరే రాసి వదిలేశారు, అదే పట్టుకోండి. ఇట్టా రాయొచ్చు, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే రెండు రొయ్యల తల డొప్ప మీద తెల్లమచ్చలు, ఆ రోజే పట్టుబడి పెడితే, అంటే రొయ్యలన్నీ పట్టి అమ్మేస్తే, వచ్చినకాడికి వస్తది, కానీ ఊళ్లో తెలిసిపోద్దని ఆ రెండు రొయ్యల్నీ గుప్పిట్లో నలిపి కట్ట అవతల పారేసి, మేత ఇంకొంచెం వెయ్యరా అని పనోడితో అంటాడు, చూసేవాళ్లకి అది ధీమా లాగే ఉంటది. వైట్ స్పాట్ అనే ఈ తెల్లమచ్చల రోగం వారం పది రోజుల్లో గుంటంతా ఊడ్చేస్తది కాబట్టి ఆ నాలుగు రోజులూ మీరు బాగా సాగదీయొచ్చు. కంసుడు చూడండి, భయంతో అంతమంది పిల్లల్ని చంపాడు, ఆఖరికి అక్రూరుణ్ణి పంపి కృష్ణుణ్ణి మధురకి పిలిపించుకుందీ ఆయనే. కాకపోతే కంసుడి భయం అందరికీ తెలుసు, రమణయ్యది ఆయన నోట మాత్రం అనిపించబాకండి, డైలాగ్ పెడితే చెడిపోద్ది. కావాలంటే భార్యకి తెలిసినట్టు రాయండి.