అర్సూఫ్ కథ రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ అందింది. పోరు ముందు రాత్రి విలుకాడు గుర్రం డెక్కలో ఇరుక్కున్న రాయి తీసే ఘట్టం బాగుంది. నాలుగో పేజీకి వచ్చేసరికి అతనే జోరువానలో రెండు వేళ్లతో నారి లాగి, ఒక్క బాణంతో కవచం తొడిగిన ఫ్రాంకును, అంటే ఐరోపా నుంచి వచ్చిన క్రైస్తవ సైనికుణ్ణి, పడగొట్టాడు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

పాలస్తీనా తీరాన సుల్తాను సలాహుద్దీన్‌కూ, ఇంగ్లండు రాజు రిచర్డ్ నడిపిన క్రూసేడ్ (క్రైస్తవ మతయుద్ధ) సేనకూ మధ్య అర్సూఫ్ పోరు జరిగింది 1191 సెప్టెంబరు 7న. ఆ తీరాన అప్పటికి వానకారు రాదు. పోనీ, వచ్చిందే అనుకో. సలాహుద్దీన్ తురుష్క విలుకాడిది ఒంటికర్ర విల్లు కాదు. మధ్యన పలచటి కర్రబద్ద, అతని వైపు కొమ్ము, అవతలి వైపు జంతువుల కండను ఎముకకు పట్టి ఉంచే నరాల పీచు. వంచినప్పుడు కొమ్ము ఒత్తిడిని కాస్తుంది, నరం సాగుడును కాస్తుంది. మూడింటినీ పట్టి ఉంచేది ఉడకబెట్టి తీసిన బంక. తడి తగిలితే నరం మెత్తబడి, బంక పట్టు వదిలి, విల్లు సత్తువ పోతుంది. పైన బెరడో తోలో చుట్టేది అందుకే. నారి విప్పితే విల్లు ఎదురు దిక్కుకు ముడుచుకుంటుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు కొనలు మెలిపడితే అంతే సంగతులు.

ఇక వేళ్లు. నారిని బొటనవేలితో పట్టి, దాని గోటి మీద చూపుడువేలు బిగించాలి. బొటనవేలికి ఎముకదో రాతిదో ఉంగరం ఉండాలి. ఇలా లాగితే బాణం విల్లుకు కుడిపక్కన నిలుస్తుంది. నువ్వు ఎడమపక్కన పెట్టావు, గుర్రం కాస్త కుదిపినా జారిపోతుంది.

ఇవన్నీ కథ వేగానికి అడ్డమని సంపాదకులు కొట్టేస్తారు. వంకర కత్తుల తళతళలు మాత్రం ఉంచుతారు, ఆ సైన్యంలో తిన్నని కత్తులు విరివిగా ఉన్నా సరే. వాళ్ల మాట వినకు. నీ కథకు మలుపు ఆ విల్లు చేయలేని పనిలోనే ఉంది. ఫ్రాంకు కాల్బలం గొలుసు కవచం మీద దళసరి ఉన్ని అంగీ తొడిగేది. ఒంటికి పది బాణాల దాకా గుచ్చుకుని ఉన్నా వరస చెదరకుండా నడిచిన వాళ్లున్నారని సలాహుద్దీన్ వెంట ఉన్న బహాఉద్దీన్ రాశాడు. మనిషిని కూల్చలేని బాణం గుర్రాన్ని కూలుస్తుంది. వెనక కాపు కాస్తున్న హాస్పిటలర్ల (క్రైస్తవ సన్యాసి యోధుల) గుర్రాలు ఒక్కొక్కటే పడిపోతుంటే, ఓర్చుకోలేక రిచర్డ్ సైగ రాకముందే వాళ్లు విరుచుకుపడ్డారు. సలాహుద్దీన్ సేన చెల్లాచెదురైంది. అంటే గురి తప్పని బాణాలే నీ విలుకాడి కొంప ముంచాయి.

వానను తీసెయ్. అతని బాణాలు ఎదుటివాడి ఉన్నిలో వేలాడుతుండాలి, అప్పుడు అతని చూపు గుర్రం మెడ మీదికి దిగాలి. అక్కణ్ణుంచి తిరగరాసి పంపు. నవలగా పెంచే సంగతి తర్వాత చూద్దాం.