ముందొచ్చింది మీరే, అయినా పెరట్లో తుపాకి ఆపేయండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. 2004లో తెల్లాపూర్‌లో 400 గజాల స్థలం కొని ఇల్లు కట్టుకున్నాం. అప్పట్లో మా వీధిలో ఉన్నవి మూడే ఇళ్లు. వెనక గోడ దాటితే జొన్నచేలు, తుమ్మచెట్లు. సాయంత్రం పూట పెరట్లో ఎయిర్ గన్‌తో గురి కొట్టడం నాకు అలవాటు. మా అబ్బాయికీ నేనే నేర్పాను. వాడిప్పుడు ఆస్టిన్‌లో ఉంటున్నాడు. ఏనాడూ పిట్టను కొట్టలేదు. కాగితం టార్గెట్లు, సోడా మూతలు, అంతే. ఇప్పుడు మూడు వైపులా ఇళ్లొచ్చాయి. వెనక ప్లాటులో మూడంతస్తులు లేచింది. ఆ ఇంటావిడ మొన్న గేటు దగ్గరకొచ్చి ‘అంకుల్, పిల్లలు డాబా మీద ఆడుకుంటారు, భయమేస్తోంది, ఇంక మానేయండి’ అంది. లైసెన్సు అక్కర్లేని తుపాకి, నా స్థలం, నా గోడ. పైగా వాళ్లకంటే ఎన్నో ఏళ్లు ముందొచ్చినవాణ్ని. మా ఆవిడ కూడా ఆమె పక్షమే మాట్లాడింది. ఆ రోజు నుంచి ఇంట్లో మాటల్లేవు. ఇదే కాలనీవాళ్లు కోతులొస్తే మాత్రం నన్నే పిలుస్తారు. తుపాకి అమ్మేసి కూర్చోమంటారా?

జవాబు: ‘ఏనాడూ పిట్టను కొట్టలేదు’ అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతో మీరెలాంటివారో అర్థమైంది. ఎయిర్ గన్ చేతికి రాగానే పావురాల మీదికో చిలకల మీదికో తిప్పేవాళ్లే ఎక్కువ. మీరు ఇన్నేళ్లూ కాగితం మీది చుక్కతోనే సరిపెట్టుకున్నారంటే దీన్ని సాధనగా చేశారన్నమాట. ఆ గౌరవం ఉంచుకునే చెబుతున్నాను: పెరట్లో కొట్టడం ఈ రోజుతో ఆపేయండి. కొంచెం తగ్గిస్తాను, పిల్లలు బడికెళ్లిన టైములో కొడతాను, ఆదివారం ఒక్కరోజు కొడతాను అనే బేరాలేవీ వద్దు.

లైసెన్సు మాట ముందు తేల్చేద్దాం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) 0.177 అంగుళాలు, శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. మీరన్నది నిజమే. కానీ ఆ మినహాయింపు తుపాకి కొనుక్కుని దగ్గర ఉంచుకోవడం వరకే. ఇళ్ల మధ్య కాల్చుకోమని ఎవరూ అనుమతివ్వలేదు. ఇతరుల ప్రాణానికో భద్రతకో ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే, ఎవరికీ ఏమీ తగలకపోయినా, భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు గానీ 2,500 రూపాయల దాకా జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. తీవ్రగాయమైతే జైలు మూడేళ్ల దాకా వెళుతుంది. ఒక కంటి చూపు శాశ్వతంగా పోతే చట్టం దాన్ని తీవ్రగాయంగానే లెక్కగడుతుంది. వెనకింటావిడ పోలీస్ స్టేషన్‌కు వెళ్లకుండా ముందు మీ గేటు దగ్గరకొచ్చింది. అది ఆవిడ మర్యాద. మీరు దాన్ని అవమానంగా తీసుకున్నారు.

సెక్షన్ల సంగతి అలా ఉంచండి. మీ అబ్బాయికి తుపాకి పట్టడం నేర్పిన రోజు మొదట ఏం చెప్పారో గుర్తు తెచ్చుకోండి. తుపాకి ఖాళీగా ఉన్నా మూతి మనిషివైపు తిప్పకూడదని చెప్పి ఉంటారు. గురి వెనక ఏముందో చూసుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దనీ చెప్పి ఉంటారు. తుపాకి పట్టిన ప్రతి గురువూ చెప్పేది ఇదే. 2004లో మీ గురి వెనక గోడ, గోడ వెనక జొన్నచేను ఉండేవి. ఇప్పుడు అదే గోడ వెనక ఒక డాబా, దాని మీద బట్టలారేసే దండెం, సైకిల్ తొక్కే పిల్లలు ఉన్నారు. మీరు మారలేదు, తుపాకి మారలేదు, గురి తప్పలేదు. గురి వెనక ఉన్నది మారింది. మీరు నేర్చుకున్న విద్యే మిమ్మల్ని ఆగమంటోంది. వెనకింటావిడ అదే మాట మామూలు భాషలో చెప్పింది.

‘గోడకు ఇసుక బస్తాలు పెట్టాను, ఏమీ కాదు’ అని మీకనిపించొచ్చు. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం గుండు బరువు అర గ్రాము ఉంటుందేమో. స్ప్రింగ్ తుపాకిలోంచి అది సెకనుకు 150 మీటర్లకు పైగా వేగంతో వస్తుంది. బ్యారెల్ కాస్త పైకి లేచి గోడ దాటితే రెండు మూడు వందల మీటర్లు పోగలదు. ఆ దూరంలో ఇప్పుడు మీ చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయో ఒక్కసారి మీ డాబా ఎక్కి చూడండి. గట్టి రాయికో ఇనుప ఊచకో తగిలితే గుండు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు, మీవైపే రావచ్చు కూడా. వేల గుండ్లు సరిగ్గా కొట్టినవారికి కూడా ఒక తుమ్మో, జారిన వేలో, చెమట పట్టిన చెయ్యో చాలు. పదేళ్ల కిందట కొట్టినట్టే ఇప్పుడూ కొట్టగలనన్న నమ్మకం 63లో ఉండటం మంచిదే. పక్కింటి పిల్లల కళ్లను ఆ నమ్మకానికి పూచీ పెట్టకూడదు, అంతే.

ఇక మీ మనసులో ఉన్న అసలు నొప్పి దగ్గరకొద్దాం. ‘ముందొచ్చినవాణ్ని’ అని రాశారు. ఆ మాటలో కోపం కంటే దిగులే ఎక్కువ కనబడుతోంది నాకు. తెల్లాపూర్ పల్లెగా ఉన్నప్పుడు వెళ్లారు. 2018లో అది మున్సిపాలిటీ అయింది. చేలు పోయాయి, తుమ్మచెట్లు పోయాయి, రాత్రి చీకటి కూడా పోయింది. ఉద్యోగం అయిపోయింది. అబ్బాయి విమానమెక్కాడు. ఆ పాత రోజుల్లోంచి మీ చేతిలో మిగిలింది సాయంత్రం ఒక గంట, ఒక తుపాకి, అట్టకు అంటించిన కాగితం. అదీ వదిలేయమంటే ప్రాణం విలవిల్లాడటం సహజం. దానికి సిగ్గుపడక్కర్లేదు, బాధపడండి. ఆ బాధను వెనకింటావిడ మీద పెట్టకండి. ఆవిడ మీ జొన్నచేను లాక్కోలేదు. అమ్మకానికి పెట్టిన ప్లాటును బ్యాంకు లోను తీసుకుని కొనుక్కుంది, మీరు 2004లో కొనుక్కున్నట్టే. అప్పుడు మీరు ఇల్లు కట్టిన చోట కూడా ఎవరిదో గట్టు ఉండేది కదా.

మీ ఆవిడ సంగతి మీరు మూడే మాటల్లో తేల్చేశారు, నాకది కొంచెం కష్టంగా అనిపించింది. ఇన్నేళ్లు ప్రతి సాయంత్రం ఆ ‘ఠప్’ అనే చప్పుడు వంటింట్లోంచి విన్నది ఆవిడే. బయట ఏ పిల్లాడి గొంతు వినబడినా ఆవిడ చెవి అటే పడి ఉంటుంది. ఆవిడ పరాయి పక్షం చేరిందని అనుకోకండి. మీ చేతి మీదుగా ఒక పసిబిడ్డకు ఏదైనా జరిగితే ఆ తర్వాత మీరెలా బతుకుతారో ఆవిడకు తెలుసు, అదీ ఆవిడ భయం. మాటలు ముందు మీరే మొదలుపెట్టండి. పెద్ద వివరణలేవీ వద్దు. సాయంత్రం టీ దగ్గర ‘తుపాకి లోపల పెట్టేశాను, ఇక పెరట్లో కొట్టను’ అనండి చాలు. ఆ తర్వాత ఆవిడ ఏమంటుందో వినండి, మధ్యలో అడ్డం పడకండి. ‘ఎన్నాళ్ల నుంచో చెబుతున్నాను’ అంటే అననివ్వండి.

వెనకింటికి కూడా మీరే వెళ్లాలి. గేటు దగ్గర నిలబడి ‘అమ్మా, నువ్వు చెప్పింది సబబే, ఆపేశాను’ అనండి. ‘నేనైతే జాగ్రత్తగానే కొట్టేవాణ్ని, అయినా మీరడిగారు గనుక’ అన్న తోక తగిలించకండి, అదొక్కటే ఉన్న మర్యాదంతా పోగొడుతుంది. ఇంకో పదేళ్లు ఆ గోడకు అటూ ఇటూ ఉండాల్సినవాళ్లు మీరు.

కోతుల కోసం పిలిస్తే ‘రాను’ అని చెప్పండి. ఇది చిన్న విషయం కాదు. ఊరంతా వద్దన్న తుపాకిని ఒక్క కోతుల రోజు కావాలంటుంటే, నా అవసరం వీళ్లకుంది కదా అని మనసు ఉబ్బుతుంది. అలవాటు మళ్లీ పెరట్లోకి వచ్చేది ఆ దారినే. పిట్టగోడ మీది కోతికి గురిపెట్టినప్పుడు గుండు వెళ్లేది ఆకాశంలోకీ అవతలి డాబాల మీదికీ. తగిలిన కోతి గాయంతో మరింత తిరగబడుతుంది. దాన్ని గాయపరచడం నేరం కూడా. టపాకాయలు, డప్పు చప్పుడు, చెత్త బయట వేయకపోవడం, మున్సిపల్ అధికారులకు ఫిర్యాదు, ఇవన్నీ కాలనీవాళ్లు కలిసి చేసుకోవాల్సిన పనులు.

సాధన మానేయమని నేననడం లేదు. అదృష్టం ఏమిటంటే మీరున్న చోటికి గచ్చిబౌలి ఎంతో దూరం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ షూటింగ్ రేంజ్ ఉంది. ఒక ఉదయం వెళ్లి పెద్దవాళ్లకు ఏ వేళలో అవకాశమిస్తారో, రుసుము ఎంతో కనుక్కోండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పదికి పది తెచ్చే నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. సోడా మూతలు కొట్టిన చేతికి అది మొదట్లో చాలా కష్టం, కానీ మీలాంటివారికి ఆ కష్టమే రుచి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడే, గెలిచింది ఈ విభాగంలోనే. వయసంటారా, 1920 ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో స్వీడన్ షూటర్ ఆస్కార్ స్వాన్ 72 ఏళ్ల వయసులో రజతం గెలిచిన జట్టులో ఉన్నాడు. మీకు పతకాలు అక్కర్లేదు. పక్క వరుసలో నిలబడి మీలాగే ఊపిరి బిగబట్టే నలుగురు మనుషులు కావాలి. రిటైరైనవారికి పెరట్లో ఒంటరి గంట కంటే అది ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంట్లోనే కొట్టుకోవచ్చా అని మీరు తప్పకుండా ఆలోచిస్తారు. పది మీటర్లంటే 33 అడుగులు. హాలూ వరండా కలిపి మీ ఇంట్లో అంత పొడవు రావచ్చు. లోపల పలక వాలుగా ఉన్న ఉక్కు పెల్లెట్ ట్రాప్ (గుండ్లను పట్టి ఆపే పెట్టె), దాని వెనక గట్టి గోడ, తలుపులన్నిటికీ గడియలు, దారిలో ఇంకే తలుపూ తెరుచుకోకుండా ఉండటం, ఇవన్నీ కుదరాలి. అన్నిటికంటే ముందు మీ ఆవిడ మనస్ఫూర్తిగా సరేననాలి. ఆవిడ మొహం ముడుచుకుంటే ఆ మాట అక్కడితో వదిలేయండి. గుండు లేకుండా ఉత్తినే ట్రిగ్గర్ నొక్కి సాధన చేద్దామనీ అనుకోకండి. స్ప్రింగ్ తుపాకి పిస్టన్ పాడైపోతుంది.

మీరు అడగని ఒక సంగతి చెప్పాలి. ఇన్నేళ్ల గుండ్లు ఆ గోడ కింది మట్టిలోనే ఉన్నాయి. అయిదొందల గుండ్ల డబ్బా ఒకటంటే పావు కిలో సీసం. రోజుకు ముప్ఫై కొట్టినా నెలకు అర కిలోకు దగ్గర. ఆ పక్కనే గోంగూరో తోటకూరో వేసుకుని ఉంటే ఈ ఏటితో ఆపండి. ఆకుకూరలు, ముల్లంగి లాంటి దుంపలు ఆ మట్టిలో పెంచకూడదు. మట్టి తడిపి, గ్లోవ్స్ వేసుకుని, కనబడిన గుండ్లన్నీ ఏరి, పై పొర మట్టి తీసేయించి కొత్త మట్టి పోయించండి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మనవలు వచ్చి ఆడుకునేది ఆ మట్టిలోనే.

ఇక అమ్మాలా ఉంచాలా అన్నారు. ఇప్పుడే అమ్మకండి, కోపంలో ఉన్నారు. కోపంలో అమ్మితే ఆ లోటుకు మీ ఆవిడనే ఏళ్లపాటు తప్పుపడతారు. గుండు లేకుండా చూసి, బీరువాలో తాళం వేసి, గుండ్ల డబ్బాలు వేరే అరలో పెట్టి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. అబ్బాయి సెలవులకు వచ్చి ‘నాన్నా, పాత రోజుల్లా ఒక్కసారి కొడదాం’ అంటే పెరట్లో మాత్రం వద్దు, రేంజ్‌కు తీసుకెళ్లండి. ఏడాది గడిచాక కూడా అది బీరువాలోంచి బయటికి రాలేదంటే, అప్పుడు తుపాకులమ్మే గుర్తింపు పొందిన డీలర్‌కే ఇచ్చి రసీదు తీసుకోండి. తెలిసినవాళ్ల పిల్లాడు సరదాపడ్డాడని చేతిలో పెట్టేయకండి.