ఎక్టమీ, ఆటమీ, ఆస్టమీ: వెనక నుంచి చదవండి

కోలిసిస్టెక్టమీ అంటే ఏమిటి, ఇలాంటి ఆపరేషన్ పేర్లు ఎందుకు కలగాపులగం అవుతాయి అని అడిగారు. మీరు ఈ ఇంగ్లీషు పదాలను ముందు నుంచి చదువుతున్నారు. అందుకే కోలిసిస్టెక్టమీ, సిస్టాటమీ, సిస్టాస్టమీ మూడూ ఒకేలా అనిపిస్తున్నాయి. మూడింటి చివరా టి-ఓ-ఎం-వై ఉంది; మొదటి రెండింటిలో అది గ్రీకులో "కోత" అన్న మాట నుంచి వచ్చింది, మూడోదాని మూలం వేరు. అర్థం తేల్చేవి దాని ముందున్న అక్షరాలే.

1. ఈ-సి ఉంటే కోసి తీసేయడం. టాన్సిలెక్టమీ అంటే టాన్సిల్స్ తొలగింపు.
2. ఓ ఒక్కటే ఉంటే కోత మాత్రమే.
3. ఓ-ఎస్ ఉంటే దారి పెట్టడం. ఇక్కడి మూలం స్టోమా, గ్రీకులో నోరు. ట్రేకియాస్టమీలో మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెడతారు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడ: ఎస్ కనబడగానే మూడోది అనుకుంటారు. సిస్టాటమీలోనూ ఎస్ ఉంది, కానీ అది "సిస్ట్"ది. సిస్ట్ అంటే సంచి, ఈ పదంలో మూత్రాశయం. కాబట్టి ముందు అవయవం పేరును వేలితో మూసేయండి. సి-వై-ఎస్-టి మూశాక,

ఓ-టి-ఓ-ఎం-వై మిగిలితే: మూత్రాశయానికి కోత.
ఓ-ఎస్-టి-ఓ-ఎం-వై మిగిలితే: మూత్రం బయటికి పోయేందుకు దారి.

ఒక్క ఎస్ తేడా, పని వేరు!

ఇక మీరు అడిగిన, ఇంగ్లీషులో 15 అక్షరాల కోలిసిస్టెక్టమీ: కోలి పిత్తం, సిస్ట్ సంచి, ఎక్టమీ తీసేయడం. పిత్తాశయం తొలగింపు.

అనాటమీని (శరీర నిర్మాణ శాస్త్రం) మాత్రం ఇందులోకి లాగకండి. ఆ పదం పుట్టింది కోత నుంచే అయినా అది ఆపరేషన్ పేరు కాదు.